చక్రం పోయిన రైలింజనూ, చక్కబడిన నా సంసారమూ

మోడల్ షాపులు మూతపడటం కంటే ఈమధ్య మానవజాతికి జరిగిన మేలు ఇంకొకటి లేదు! కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే మా ఇంటికొచ్చి నాతో వాదించవచ్చు. వచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు విడవకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మోడల్ షాపంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు మీలో ఉండే ఉంటారు. అది బొమ్మల కొట్టు కాదు. బొమ్మల కొట్టుకెళ్లి విమానం అడిగితే విమానం ఇస్తారు. మోడల్ షాపులో విమానం అడిగితే ఒక అట్టపెట్టె ఇస్తారు. దాన్ని కిట్టు అంటారు. అందులో ప్లాస్టిక్ చట్రానికి చిన్నాచితకా ముక్కలు కాయల్లా వేలాడుతుంటాయి. కోసి, గీకి, అతికించి, రంగు పూసి విమానం మీరే చేసుకోవాలి! డబ్బిచ్చి మరీ చాకిరీ కొనుక్కోవడమన్నమాట. మంచినీళ్లు తాగిన గ్లాసు కడగమంటే నడుం పట్టేసే మా ఆయన, ఆ విమానం కిటికీకి మూడు పూతలు రంగు వేసేవారు. ఆ కిటికీ గోరంత!

అందరికీ ఆ పెట్టెలో విమానం కనిపిస్తుంది. తల్లినైన నాకు బ్లేడు కనిపిస్తుంది. జిగురు కనిపిస్తుంది. గొంతుకు అడ్డం పడటానికి కొలత తీసి చేసినట్టున్న ముక్కలు కనిపిస్తాయి. బల్ల మీద ఒక్క ముక్క తగ్గినా నేను ముందు వెతికే చోటు మా అమ్మాయి నోరు.

"నోరు తెరువు."

"నాకు తొమ్మిదేళ్లమ్మా!"

"తొమ్మిదేళ్లవాళ్లకి గొంతుండదా? తెరువు!"

ఒకసారి యుద్ధవిమానం ముక్కు మరీ సూదిలా ఉందనిపించింది. పిల్ల కంట్లో గుచ్చుకుంటే ఎవరిది బాధ్యత? గోళ్ల కత్తెర తీసుకుని ఆ ముక్కును గుండ్రంగా కత్తిరించాను. చేతిలో కత్తెర ఉంది కదా అని రెక్కల చివర్లు కూడా. మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి చూసి, చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"ఇదేంటే?"

"విమానమండీ."

"కాదే. వంకాయ."

ఆ వంకాయను తండ్రీకూతుళ్లు వీధి చివర మోడల్ షాపుకి మోసుకెళ్లారు. ఆ షాపాయన్ని అందరూ జిగురు బాబాయి అనేవాళ్లు. ఆయన అమ్మే జిగురు వల్ల కాదు, ఆయన కబుర్లకు అతుక్కున్నవాడు ఊడి రాడు కాబట్టి. బ్లేడు కోసం వెళ్లిన మా ఆయన గంట తర్వాత ఇల్లు చేరేవారు, బ్లేడు మర్చిపోయి!

జిగురు బాబాయి వంకాయను అటూ ఇటూ తిప్పి చూసి, "పర్లేదమ్మాయ్, పాలపళ్లు ఊడాయంతే, మళ్లీ వస్తాయి" అని మా అమ్మాయితో అన్నారట. గల్లాపెట్టె పక్కన ఆయనకో రేకు డబ్బా ఉండేది. దాని పేరు అనాథల డబ్బా. ఎవరికి ఏ ముక్క మిగిలినా అందులో వెయ్యాలి, ఎవరికి ఏది పోయినా అందులోంచి తీసుకోవాలి. తీసుకున్నదానికి పైసా ఇవ్వక్కర్లేదు. విమానానికి అందులోంచే కొత్త ముక్కు దొరికింది. మీరే చెప్పండి, ఇలా వ్యాపారం చేసేవాడి కొట్టు మూతపడక ఏమవుతుంది?

మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. నేను ఎగిరి గంతేశాను!

ఇక ఆధునిక పద్ధతుల గురించి చెప్పుకుందాం. ఈ రోజుల్లో మోడల్ చెయ్యాలంటే మోడల్ చెయ్యనక్కర్లేదు. ఎవరో చేస్తుంటే ఫోన్లో చూస్తే చాలు. ఎక్కడో ఒక పెద్దమనిషి ఓడ కడుతుంటాడు. మా ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, "ఆ అంచు ఇంకాస్త గీకాలి గురువా" అని సలహా ఇస్తుంటారు. గురువు వినడు. అయినా ఎంత శుభ్రమైన పని! ఓడ ఆయన ఇంట్లో, చెత్త ఆయన ఇంట్లో, లైకు మాత్రం మా ఇంట్లోంచి.

అదీ చాలకపోతే ప్రింటింగ్ మిషను ఉండనే ఉంది. మా మరిది ఒకటి కొన్నాడు. బటన్ నొక్కితే ప్లాస్టిక్ కరిగించి బొమ్మను అదే పోసేస్తుందట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుర్రుమని, చివరికి దువ్వెనలో చిక్కుకున్న జుట్టు లాంటిదాన్ని కక్కింది.

"ఏమిటయ్యా ఇది?"

"ఏనుగు వదినా."

"ఎటు నుంచి?"

మరిది ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఇన్ని సుఖాల మధ్య ఒక చిన్న వెలితి. వెలితి అనకూడదు లెండి, ఒక చిన్న చక్రం. షాపు మూతపడేనాటికి తండ్రీకూతుళ్లు ఒక రైలింజను చేస్తున్నారు. కిట్టు మా అమ్మాయే ఎంచుకుంది. రోజూ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇద్దరి తలలూ ఆనుకుని ఉండేవి. "నాన్నా, ఊపిరి వదలకు, రంగు చెదురుతుంది" అని అది, "నువ్వు మాట్లాడకు, చెయ్యి వణుకుతుంది" అని ఆయన. ఆఖరి చక్రాన్ని చట్రంలోంచి కోస్తుంటే టిక్కుమని ఎగిరింది. అంతే! మంచం కింద వెతికాం. బియ్యం డబ్బాలో వెతికాం. నోరు తెరిపించాం. లేదు.

దిగులెందుకు? ఆన్‌లైన్ ఉంది కదా! కిట్లు అమ్మేవాళ్ల చాట్‌లోకి నేనే వెళ్లాను.

"నాకు ఒక చక్రం కావాలి."

"మీ ఆసక్తికి ధన్యవాదాలు! రైలింజను కిట్టు మీ కార్టులో చేర్చమంటారా?"

"కిట్టు ఉంది. చక్రమే లేదు."

"చక్రంతో కూడిన కిట్టు చేర్చమంటారా?"

"బాబూ, నీకు అమ్మ ఉందా?"

"క్షమించండి, ఆ వస్తువు ప్రస్తుతం స్టాకులో లేదు."

రైలింజను, పోయిన చక్రం చోట రబ్బరు ముక్క ఆనుకుని, ఫ్రిజ్ మీదికి చేరింది. భోజనాల బల్ల అద్దంలా మెరిసింది. బ్లేడు లేదు, జిగురు కంపు లేదు, తగువు లేదు. ఆయన ఒక గదిలో, అమ్మాయి ఒక గదిలో, చెరో ఫోను. ఇంత హాయి నాకు పుట్టి బుద్ధెరిగాక లేదు! అలవాటు లేని ప్రాణం కదా, గుండె దడ పట్టుకుంది. దడ తగ్గడానికి వెళ్లి, "నోరు తెరువు" అన్నాను అమ్మాయితో.

తెరిచింది.

ఎందుకమ్మా అనలేదు. తొమ్మిదేళ్లనలేదు. ఫోను మీది నుంచి చూపైనా తిప్పలేదు. నోట్లో ఏమీ లేదు. మూసుకోమని నేను చెప్పేదాకా అలాగే తెరుచుకుని ఉంది.

మర్నాడు నేను ఒక బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి వీధి వైపు కిటికీలో పెట్టాను. 'మిగిలిన ముక్కలు ఇందులో వెయ్యండి. కావలసినవి తీసుకోండి. మాకు రైలు చక్రం కావాలి' అని అట్ట మీద రాసి తగిలించాను. తొందరపడి అపార్థం చేసుకోకండి. ఇది కేవలం పిల్లల భద్రత కోసం! ఊళ్లో ఇళ్లన్నిట్లో పడి ఉన్న ముక్కలు ఒక్క చోటికి చేరితే, ఎవరి గొంతులోనూ పడవు కదా?

మొదట మంగలి వచ్చి ఓడ పొగగొట్టం వేసి వెళ్లాడు. ఇంత కాలం దాన్ని అద్దం వెనక దాచుకున్నాడట. తర్వాత పళ్ల డాక్టరు హెలికాప్టర్ రెక్క కోసం వచ్చారు. రెక్క దొరికింది, మనిషి మాత్రం కదలలేదు. కిట్టులో వచ్చే కాగితం మీద మాటలుండవు, బొమ్మలూ బాణాలే. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేనూ, గోడ నిండా సర్టిఫికెట్లున్న ఆయనా దాన్ని చెరోవైపు పట్టుకుని చూశాం. ఇద్దరికీ సమానంగా ఏమీ అర్థం కాలేదు. మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి లేచి వచ్చింది. "అయ్యో, తలకిందులుగా పట్టుకున్నారు!"

డబ్బాలో ఎవరో ఫిరంగి బండి చక్రం వేసి వెళ్లారు. మా ఇంజనుకు కాస్త పెద్దదైంది. పళ్ల డాక్టరు క్లినిక్ నుంచి తన ఆకురాయి తెప్పించి, నొప్పి తెలియకుండా అరగదీశారు. ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద రైలు నడిచింది.

"కుంటుతోంది నాన్నా."

"మీ అమ్మ పోలికే. భయపడుతూ నడుస్తోంది."

మళ్లీ రెండు తలలూ ఆనుకున్నాయి. వెనక నుంచి పళ్ల డాక్టరు తల కూడా ఆనబోతే, చోటు లేదని నేనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో నేల మీద అడుగు పెడితే ఏదో ఒక ముక్క అరికాల్లో దిగుతుంది. చెప్పులు విడవద్దని అందుకే అన్నాను. మరిది తన ఏనుగును తెచ్చి డబ్బాలో వేశాడు, ఎవరికి ఏ భాగం కావాలంటే అది కోసుకోవచ్చట. నిన్న కిటికీ దగ్గర ఎవరో మొహమాటంగా దగ్గారు. చూస్తే జిగురు బాబాయి!

"అమ్మాయ్, కాస్త జిగురుందా? కొట్టు మూసేటప్పుడు అంతా అమ్మేశాను. నాకంటూ ఒక్క గొట్టమన్నా ఉంచుకోలేదు."

"ఉంది బాబాయ్, లోపలికి రండి" అన్నాను. వచ్చారు. ఇంకా వెళ్లలేదు.

కాబట్టి పాఠకులారా, మోడల్ షాపులు మూతపడటం మేలేనని ఇంకోసారి నొక్కి చెబుతున్నాను. కాకపోతే ఒక్క మనవి. మీలో ఎవరైనా పుణ్యాత్ములు దయచేసి మా వీధిలో ఒకటి తెరవండి! అన్నం తినడానికి మాకు బల్ల లేదు.

ఈ మనవి ఇంకా వివరంగా రాద్దామనుకున్నాను గానీ, జిగురు బాబాయి ఓడకు మంగలి ఇచ్చిన పొగగొట్టం అతికించే పని నా మీద పడింది. బట్టలు కుట్టేదాన్ని, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకోవడం నాకు అలవాటు. చేతులు రెండూ ఖాళీ లేక పొగగొట్టాన్ని కూడా అలాగే పట్టుకున్నాను. మా అమ్మాయి బల్ల మీద ముక్కలన్నీ చూసుకుని, తలెత్తి నా మొహంలోకి చూసింది.

"అమ్మా, నోరు తెరువు."

"నాకు ఇరవై తొమ్మిదేళ్లే!" అన్నాను పళ్ల మధ్య నుంచి.

"ఇరవై తొమ్మిదేళ్లవాళ్లకి గొంతుండదా? తెరువు!"