కాలువ మీద పలక

ఆ ఉదయం ఫిర్యాదుల గుమస్తాకు రెండే పనులు. ఒకటి, పరాయి దేశం వెళ్ళి స్థిరపడే దరఖాస్తు మీద భార్య చేత సంతకం పెట్టించుకోవడం. రెండు, తాను పనిచేసే పురపాలక కార్యాలయంలో 'ఈ ఉద్యోగి దేశం విడిచి వెళ్ళడానికి మాకు అభ్యంతరం లేదు' అనే కాగితం కోసం అర్జీ పెట్టుకోవడం. రెండోది అయిదు నిమిషాల పని. మొదటిది ఏడాదిగా సాగుతోంది.

భార్య కట్టు వేసిన కాలు ఎదురు కుర్చీ మీద పెట్టుకుని కూరగాయలు తరుగుతోంది. గుమస్తా ఆ కాలు చూపించి మొదలుపెట్టాడు.

"వీధి చివర కాలువ మీద పలక విరిగి నాలుగు నెలలైంది. పెద్ద కూడలిలో మాత్రం రంగుదీపాల ఫౌంటెన్ లేచింది. నీళ్ళు పైకి ఎగరడానికి నిధులుంటాయి, మనుషులు కిందపడకుండా ఉండడానికి ఉండవు. అడిగితే జవాబు చెప్పేవాడు ఒక్కడుండడు. ఇంకా ఇక్కడెందుకు మనం?"

"అందరూ పోతే అడిగేదెవరండీ? వీధంతా సంతకాలు పెడితే నేనే కదా అర్జీ రాసింది."

"జవాబొచ్చిందా?"

"మీ చేతికిస్తే తీసుకెళ్ళారా?"

"ఇంటి పని ఆఫీసులో కలపడం అవినీతి. పద్ధతి ప్రకారం పోస్టులో పంపమన్నాను."

తనకు పని తప్పించే నియమాలన్నీ గుమస్తా ఇలాగే ప్రాణం పెట్టి పాటిస్తాడు. భార్య కత్తి పక్కన పెట్టింది.

"సరే. ఇవాళ నాన్నను వెంట తీసుకెళ్ళి, ఆ అర్జీ ఏమైందో అడగండి. ఒక్కరు కూడా జవాబు చెప్పకపోతే సాయంత్రం సంతకం పెడతాను."

గుమస్తా ఎగిరి గంతేసినంత పని చేశాడు. పద్నాలుగేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. జవాబు దొరకదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

మామగారు రైల్వే గార్డుగా రిటైరయ్యారు. కూతురి కాలు విరిగినప్పటి నుంచీ ఇక్కడే ఉంటున్నారు. పెట్టెల వరస లేకుండా ప్రయాణం చేసిన అలవాటు ఆయనకు లేదు. దారిలో కనిపించిన ప్రతి తలుపూ తట్టారు. కార్యాలయం చేరేసరికి వీధివాళ్ళు పదకొండుమంది వెంట ఉన్నారు. అంతమందిని చూసేసరికి గుమస్తాకు నాలుక దురద పుట్టింది. మెట్లెక్కి, వెనక్కి తిరిగి, ఫౌంటెన్‌తో మొదలుపెట్టి గట్టిగా దంచేశాడు.

"ఆ కాగితాన్ని తొక్కిపెట్టినవాడు ఎవడైనా సరే, పేరు చదివి ఇదే మెట్ల మీద అందరి ముందూ నిలబెట్టాలి!"

చప్పట్లు మోగాయి. అప్పుడే కారు దిగుతున్న కమిషనర్ గారు ఆగారు. ఆవిడ వచ్చి నెలే అయింది.

"బాగా చెప్పారు. పదండి, ఇప్పుడే తేల్చేద్దాం," అన్నారు.

వచ్చిన ఉత్తరాల రిజిస్టరు తెచ్చారు. వేలు పెట్టి వెతికింది గుమస్తాయే. వరస దొరికింది. 'ఫిర్యాదుల బల్లకు' అని రాసి ఉంది, పక్కన అందినట్టు సంతకం. ఆ సంతకం తనదే. విదేశానికి కావలసిన భాషా పరీక్షకు ఆఫీసులోనే కూర్చుని చదువుకున్న రోజులవి. వచ్చిన కవర్ల కట్టను 'పరీక్ష అయ్యాక చూద్దాం' అని అడుగు సొరుగులో పడేశాడు. పరీక్ష అయింది, కట్ట సంగతి మాత్రం మర్చేపోయాడు.

"రికార్డు రూముకు వెళ్ళిందండీ," అన్నాడు, వరస మీద అరచెయ్యి పెట్టి. ఆ మాట అనాలని అతను అనుకోనైనా లేదు.

కమిషనర్ గారి వెనకే జనమంతా రికార్డు రూములోకి తోసుకొచ్చారు. దాన్ని చూసుకునే పెద్దావిడకు రిటైరవడానికి ఆరు నెలలుంది. ఆవిడ స్టూలెక్కి ఒక్కో కట్టా దించసాగింది.

"నా దగ్గరికొస్తే నాకు తెలీదా బాబూ? ఇన్నేళ్ళలో ఒక్క కాగితం పోగొట్టానా, నువ్వే చెప్పు!"

"ఇలాంటివాళ్ళ వల్లేనండీ దేశం ఇలా తగలడింది," అన్నారు మామగారు. అది అల్లుడి దగ్గర నేర్చుకున్న మాటే.

'కాదు, నా దగ్గరుంది' అంటే అయిపోయేది. గుమస్తాకు సిగ్గుతో చెవులు మండిపోయాయి. అయినా మెల్లగా జారుకుని తన బల్ల దగ్గరికెళ్ళి సొరుగు లాగాడు. భార్య గుండ్రటి చేతిరాత పైనే కనిపించింది. కవరు చింపనైనా లేదు. ముద్ర మీద తారీఖు చూశాడు. ఆమె కాలువలో పడడానికి పద్దెనిమిది రోజుల ముందే అది ఈ బల్లకు చేరింది. కాస్త మానం ఉన్నవాడైతే అక్కడే కూలబడేవాడు. గుమస్తా ఆ కవరును చొక్కాలోకి దోపుకున్నాడు. రికార్డు రూముకు తిరిగెళ్ళి ఏ బీరువా వెనకో పడేస్తే 'దొరికింది' అనొచ్చు.

అతను బీరువా వెనక్కి వంగడం మామగారు చూశారు.

"చూడండి మేడమ్, మా అల్లుడుగారు దుమ్ములో దూరి మరీ వెతుకుతున్నారు!" అంటూ పొంగిపోయి ఛాతీ మీద తట్టారు. చొక్కా ఫెళఫెళమంది.

"ఇదేమిటి అల్లుడుగారూ, కాగితంలా ఉంది?"

గుమస్తా వెనక్కి తగ్గబోయాడు. ఆ కంగారులో గుండీ తెగింది. కవరు జారిపడింది. దానితోపాటు, పొద్దున రాసి పైజేబులో పెట్టుకున్న అభ్యంతరం లేని కాగితపు అర్జీ కూడా. కమిషనర్ గారు రెండూ తీసుకుని చదివారు. రిజిస్టరు తెప్పించి సంతకం చూశారు.

"మెట్ల మీదికి వెళ్దామా?" అన్నారు మెత్తగా.

అతను ఆ మెట్ల మీదే అందరి ముందూ నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. వీధివాళ్ళు తామే తప్పు చేసినట్టు తలలు తిప్పేసుకున్నారు. రికార్డు రూము పెద్దావిడకు చేతులు జోడించి క్షమించమన్నాడు.

"నీకు తెలిసీ నన్ను స్టూలెక్కించావు కదా బాబూ," అని, ఆవిడ దుమ్ము దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొస్తుంటే, కాలువ మీద కొత్త పలక వేసి పనివాళ్ళు పారలు కడుక్కుంటున్నారు. అరగంట పట్టిందట.

మామగారు అల్లుణ్ణి వదిలి ముందే నడిచి ఇంటికి చేరారు. జరిగిందంతా గుమస్తాయే చెప్పుకున్నాడు, భార్య కట్టు వైపు చూడలేక నేల వైపు చూస్తూ.

"నేను పడడానికి ఎన్ని రోజుల ముందు అందింది?"

"పద్దెనిమిది."

ఆమె కట్టు కాలు కుర్చీ మీంచి కిందికి దించుకుంది. తర్వాత దరఖాస్తు అడిగి తీసుకుంది.

"అడిగితే జవాబు దొరికింది. కాబట్టి నేను సంతకం పెట్టక్కర్లేదు," అంది. "అయినా పెడుతున్నాను. మీరు వెళ్ళండి. నేనూ నాన్నా ఇక్కడే ఉంటాం."

ఏడాదిగా కాళ్ళావేళ్ళా పడి అడుగుతున్న సంతకం కళ్ళ ముందే పడుతుంటే, చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది గుమస్తాకు. ఏ మొహం పెట్టుకుని ఆపుతాడు?

అంతలో ఆఫీసు బంట్రోతు వచ్చి ఒక కవరిచ్చి, గుమస్తా మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు. లోపల కమిషనర్ గారి సంతకంతో 'అభ్యంతరం లేదు' అని ఉంది.

ఆ కార్యాలయంలో పెట్టిన రోజే జవాబొచ్చిన అర్జీ అదొక్కటే.