వాయసమ్మ మేడమ్ శాతాల పాఠం

ఒక పెద్ద అడవిలో, అడవంటే మరీ పాతకాలం అడవి కాదు లెండి, సర్క్యులర్లూ ఫైళ్లూ ఉన్న అడవిలో, ఒక విశ్వవిద్యాలయం ఉండేది. అందులో వాయసమ్మ అనే కాకి పదకొండేళ్లుగా లెక్కలు చెబుతోంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా పర్మనెంటుకి దరఖాస్తు పెట్టుకోవడం, ఏటా "రంగు నప్పలేదు" అని కాగితం అందుకోవడం. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరిసారి.

ఆరోజు క్లాసులో శాతాలు చెబుతోంది.

"పర్మనెంటు మేష్టర్లు నలభై మంది. అందులో కొంగలు నలభై. తెల్ల ఈకల శాతమెంత?"

"నూరు," అన్నాయి పిల్లలు.

"నల్ల ఈకలది?"

మేడమే బోర్డు మీద గుండ్రంగా ఒక సున్నా చుట్టింది.

"సున్నా. తప్పు లెక్కలో లేదు, లెక్క వేసేవాళ్ల బుద్ధిలో ఉంది," అంది మేడమ్. అన్నాక నాలిక కరుచుకుంది గానీ, అప్పటికే కబురు వైస్ ఛాన్సలర్ గదిదాకా వెళ్లిపోయింది.

వైస్ ఛాన్సలర్ బకదాసు గారు కొంగ. ఏ సంగతైనా ఒంటికాలి మీదే ఆలోచిస్తారు.

"లెక్కల క్లాసులో జాతి రాజకీయాలేమిటమ్మా?"

"రాజకీయం కాదండీ, శాతం. మొన్న స్నాతకోత్సవంలో తమరు తెల్ల ఈకల ఘనత గురించి గంటసేపు మాట్లాడారు కదండీ."

"అది సంస్కృతి."

వాయసమ్మకి ఒళ్లు మండింది. అయినా పర్మనెంటు ఇంటర్వ్యూ వారం రోజుల్లో ఉందని, ఓ దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది.

మర్నాడే సర్క్యులర్ దిగింది. ఆవరణలో ఎవరూ, నోటితో గానీ కాగితం మీద గానీ, రంగు ఊసెత్తరాదు, ఎత్తితే ఉద్యోగం ఊడును. కాకి పని అయిపోయిందని కొంగలు పండగ చేసుకున్నాయి.

ఇంటర్వ్యూలో వాయసమ్మ అన్నిటికీ టకటకా జవాబు చెప్పింది. పోటీకొచ్చిన కొంగ, బకదాసు గారి మేనల్లుడే, ఏడెనిమిదులు యాభైనాలుగన్నాడు. బకదాసు గారు రిజిస్ట్రారు కూర్మయ్య వైపు తిరిగారు. "కాకి వద్దు, రాసెయ్యి."

కూర్మయ్య తాబేలు. సర్వీసంతా ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీ వదిలిన పాపాన పోలేదు.

"కారణం అన్న గడిలో ఏం రాయనండీ?"

"ఏటా రాసేదే."

"అది రాస్తే నా ఉద్యోగం ఊడుతుందండీ. కింద సంతకం తమరిది కాబట్టి తమరిది కూడా."

"అయితే ఇంకేదైనా రాయవయ్యా."

కూర్మయ్య పదకొండేళ్ల ఫైళ్లూ తిరగేశాడు. "ఇంకో కారణం మనమెప్పుడూ వెతుక్కోలేదండీ. సాయంత్రం ఐదులోగా కారణం చూపకపోతే, ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకే ఉద్యోగం. అది రూలు."

బకదాసు గారు కాలు మార్చి ఆలోచించారు. మళ్లీ మార్చారు. ఐదయింది. కూర్మయ్య ముద్ర కొట్టేశాడు.

వాయసమ్మ ఆ ఉత్తర్వు మూడుసార్లు చదువుకుంది. నాలుగోసారి కళ్లకు అక్షరాలు ఆనలేదు, ఏడ్చేసింది పిచ్చిది.

తెల్లారేసరికి బకదాసు గారు సర్క్యులర్ రద్దు చేసి, అందర్నీ సమావేశపరిచి అన్నారు: "విశ్వవిద్యాలయం అన్నాక భావప్రకటనా స్వేచ్ఛ ఉండి తీరాలి."

నలభై కొంగలూ లేచి నిలబడి, కాకికి ఉద్యోగం వచ్చింది రంగు వల్లేనని స్వేచ్ఛగా ప్రకటించాయి.

నీతి: పై వాళ్లు మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చారంటే, తిట్టడానికి వాళ్లకెవరో దొరికారన్నమాట.