బాబాయి జిగురు

సినిమాలకూ సీరియళ్లకూ చిన్న వేషగాళ్లను పంపే ఏజెంటు దగ్గర ఆల్బం బాబాయి ఇరవై నాలుగేళ్లుగా గుమాస్తా. ఫొటో తెచ్చుకున్న మనిషి ముఖం చూసి, ఏ ఆల్బంలో అంటించాలో తేల్చడం ఆయన పని. దొంగలకొక ఆల్బం, డాక్టర్లకొకటి, తల్లులకొకటి, పనిమనుషులకొకటి. ఒకసారి అంటించాడంటే ఆ మనిషి జాతకం అంతే. బ్రహ్మరాత చెరిగినా బాబాయి జిగురు ఊడదని స్టూడియోలో చెప్పుకుంటారు.

ఆయన భార్య పనిమనుషుల ఆల్బంలో మూడో పేజీ. ఇరవై రెండేళ్లలో రెండు వందల ఇళ్లు ఊడ్చింది. అన్నీ అట్టగోడల ఇళ్లే. సాయంత్రం వచ్చి ఊడ్చే ఇల్లొక్కటే అసలుది.

“ఒక్కసారి కుర్చీలో కూర్చునే వేషం దొరికితే చాలండీ,” అంది ఒకరోజు మోకాళ్లకు మందు రాసుకుంటూ. “పనిమనిషికి ఏ కథలోనూ కుర్చీ వెయ్యరు.”

ఆ మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. భార్యకు కళ్లజోడు పెట్టి, తెల్లకోటు తొడిగి, కొత్త ఫొటో తీయించాడు. ఏజెంటు భోజనానికి వెళ్లిన సందు చూసి డాక్టర్ల ఆల్బంలో అంటించేశాడు.

పది రోజులకే కబురొచ్చింది. సీరియల్లో డాక్టరు వేషం. కుర్చీలో కూర్చుని, “మీ అమ్మాయికి ప్రాణభయం లేదు, ఇంటికి తీసుకెళ్లండి,” అనాలి.

వంటింట్లో రిహార్సలు మొదలైంది. పిల్ల తండ్రి వేషం బాబాయిది.

“అంత మెల్లగా చెబితే నాకు నమ్మకం కుదరదోయ్.”

“గట్టిగా చెబితే పిల్ల లేస్తుందండీ.”

“పిల్ల ఎక్కడుంది?”

“మీకు కనపడదులెండి. మీకు ఫొటోలే కనపడతాయి.”

షూటింగు రోజున బాబాయి సెలవు పెట్టి వెంట వెళ్లాడు. తెల్లకోటులో నిలబడ్డ ఆవిడ పక్కనుంచే నడిచిపోతూ దర్శకుడు, “డాక్టరు ఇంకా రాలేదా?” అన్నాడు.

“ఈవిడేనండీ,” అన్నాడు బాబాయి.

దర్శకుడు ఆవిడ రంగు చూశాడు. చేతులు చూశాడు. “ఈవిడ చెబితే ఎవరు నమ్ముతారు బాబాయ్? చూడగానే బకెట్టు గుర్తొస్తుంది.”

ఆసుపత్రి ఆయా వేషానికి వచ్చిన తెల్లటి పిల్ల ఒంటి మీదికి కోటు మారింది. ఆయా బట్టలు, నేల తుడిచే కర్ర ఈవిడకొచ్చాయి. బాబాయి అడ్డం పడబోతే, “ఊరుకోండి,” అంది.

“సారీ ఆంటీ,” అంది ఆ పిల్ల. మంచి పిల్లే. మాటే గుర్తుండదు. ‘ప్రాణభయం’ దగ్గర పన్నెండు సార్లు ఆగిపోయింది. పన్నెండు సార్లూ ఈవిడ నేలమీది అవే నాలుగు పలకలు తుడిచింది. ఉత్తుత్తి ఆసుపత్రిలో నిజంగా శుభ్రపడింది అవే.

పదమూడోసారి పిల్ల తడబడగానే, వంగి తుడుస్తూనే ఆవిడ ఆ మాట తానే అనేసింది. మెల్లగా, నిద్రలో ఉన్న జబ్బుపిల్ల లేవకుండా. తండ్రి వేషం వేసిన ముసలి నటుడు గిరుక్కున ఇటు తిరిగాడు. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. రెండు చేతులూ ఎత్తి ఆవిడకు దండం పెట్టాడు.

“కట్,” అన్నాడు దర్శకుడు. “తండ్రి ఆయాకు దండం పెడతాడేంటి? ముందు ఆవిణ్ణి బయటికి పంపండి.”

ఆవిడ తన బట్టల సంచీ చేతబట్టుకుంది. ఇద్దరూ నడిచి ఇంటికి బయల్దేరారు.

“రేపు తల్లుల ఆల్బంలో పెట్టి చూస్తాను,” అన్నాడు బాబాయి.

“మొదట పనిమనుషుల్లో పెట్టిందెవరండీ?”

బాబాయి నడక నెమ్మదించింది.

“పేరైనా అడక్కుండా పెట్టేశారు. ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాను.”

“చెడ్డ ఉద్దేశంతో కాదోయ్. చూడగానే, ఇల్లు శుభ్రంగా ఉంచే మనిషిలా అనిపించావు.”

“ఆ నెలాఖరుకే పెళ్లి చేసుకుంటానన్నారు,” అంది ఆవిడ. “అదీ ఆ ఉద్దేశంతోనేనా?”

కాదని వెంటనే అనాల్సింది. ఎవరి ముఖమైనా క్షణంలో తేల్చేసే మనిషికి ఆ ఒక్క మాట తేల్చుకోవడానికి వీధి చివరిదాకా పట్టింది. తీరా అక్కడికొచ్చి, ఆ సంచీ ఇటివ్వు, నేను మోస్తాను అన్నాడు.

ఆవిడ ఇవ్వలేదు.