వరస కలిస్తే తప్పేముంది?

మా తొర్రూరు వైపు ఆడవాళ్ల మీద చెయ్యి వేసే దుర్మార్గుడు ఒక్కడూ లేడు! నమ్మరా? వచ్చి చూడండి. ఉన్నవాళ్లంతా చుట్టాలే.

ఇదంతా వరసల మహిమ. చెయ్యి వేసినవాడికి జుట్టు నెరిసిందా, తండ్రిలాంటివాడు. నెరవలేదా, బావ. బస్సులో అయితే రద్దీ! ఇన్ని మంచి పేర్లుండగా చెడ్డ పేరు ఎందుకు? చనిపోయిన నా భార్య బస్సెక్కే ముందు పిన్నీసు తీసి చేతిలో పట్టుకునేది. ఎందుకని నేనడగలేదు.

అండాలుకు మాత్రం ఈ సౌకర్యం అర్థం కాలేదు. పోయినేడు కురవి నుంచి వచ్చి, ఇక్కడ ఒక రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే పనిలో చేరింది. తట్ట ఎత్తే నెపంతో మేనేజరు సుదర్శన్ రోజూ ఆమె నడుము పట్టుకునేవాడు. పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మూడు నెలలు ఓర్చుకుని, తోటి కూలి గట్టమ్మకు చెప్పింది.

"అవ్వా, గా సారు చెయ్యి మంచిగ లేదే."

"నీది కురవే గద? ఆయన పెండ్లాందీ గదే ఊరు. అంటే నీకు బావైతడు. సరసమాడిండు, గంతే. గింత దానికే పరేషానైతవా?"

గట్టమ్మను తప్పు పట్టకండి. ఆ మిల్లులో పదిహేనేళ్లలో ఆమెకు ముగ్గురు మేనేజర్లు బావలయ్యారు.

మరునాడు అండాలు కల్లం అలుకుతుంటే ఆ చెయ్యి మళ్లీ వచ్చింది. ఆమె బకెట్ ఎత్తి, పేడనీళ్లన్నీ సారు తెల్లచొక్కా మీద కుమ్మరించింది.

"ఏందే గిది!"

"వసంతం, బావా! పెండ్లిల మా అక్క తరఫున పొయ్యలేదు గద. మరదలు పొయ్యకుంటే ఎవలు పోస్తరు?"

కూలీలు కడుపు పట్టుకుని నవ్వారు. గట్టమ్మ ముందుగా నవ్వింది.

గంటలో మిల్లు యజమాని హన్మంత్ పంచాయితీ పెట్టాడు. చిత్రం చూడండి, అక్కడ ఒక్కరికీ వరస గుర్తుకు రాలేదు!

"పని చేసే కాడ, ఇష్టం లేని మనిషి ఒంటి జోలికి పోతవా?" యజమాని అండాలు వైపు వేలు చూపి బల్ల చరిచాడు. "సిగ్గుండాలె! దీన్ని దౌర్జన్యమంటరు. రేపటి సంది పనికి రాకు."

అండాలు కొంగు దులుపుకుని లేచింది.

"జర మల్లొక్కసారి చెప్పు, సేటూ. మూడు నెల్ల సంది గా మాటే దొరకక దేవులాడుతున్న."