గోనె సంచి, తొంభై ఎనిమిది శాతం

మంగళవారం పొద్దున్న మున్సిపాలిటీ కెమెరా గోనె సంచి అని పేరు పెట్టిన దగ్గర్నుంచి పైడమ్మ గోనె సంచే. ఆ పట్నంలో రెండేళ్లుగా అదే పద్ధతి. కెమెరా దేన్ని ఏమంటే అది అదే. కిందటేడు కోర్టు వీధిలో ఒక ప్లీడరు గుమాస్తాని కరెంటు స్తంభం అంటే ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఇంటివాళ్లు రెండు పూటలా వెళ్లి అన్నం తినిపించి వస్తున్నారు.

పైడమ్మ విషయంలో తప్పు ఎవరిదీ కాదు. వాన మొదలైతే అందరూ చేసినట్టే గోనె సంచిని ఒక మూలలోంచి రెండో మూలలోకి మడిచి, నెత్తిన కప్పుకుని, బజారులో తను అమ్మే ఆనపకాయల పక్కన ముడుచుకు కూర్చుంది. వాన వెలిశాక గోనె తీసేసింది. పేరు మాత్రం పోలేదు. సంచితో బేరమేమిటని కొనేవాళ్లు పక్కకు పోయారు. ఒకాయన తన ఉల్లిపాయలు ఆమె ఒళ్లో పెట్టి, కాఫీ తాగి వచ్చి తీసుకెళ్లాడు.

గురువారాల్లో లారీ వచ్చి, బజారులో దిక్కులేకుండా పడున్న సంచుల్ని ఎత్తుకుపోతుంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. సంచులే కదా.

పైడమ్మ చెల్లెలు సన్యాసమ్మ, ఆ కెమెరా బొమ్మలకు పేర్లు పెట్టే ఆఫీసులోనే పనిచేస్తోంది. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుని సంపాదించిన ఉద్యోగం. మొదట్లో ప్రతి బొమ్మనూ మనుషులే చూసేవారు. అది వృథా శ్రమ అని పైవాళ్లు తేల్చారు. ఇప్పుడు యంత్రం తనకు అనుమానం వచ్చిన బొమ్మలనే పంపుతుంది. గట్టిగా తెలుసనుకున్నవాటిని ఎవరూ చూడనక్కర్లేదు. నలభై మంది పనివాళ్లలో ముగ్గురు మిగిలారు.

సన్యాసమ్మ సూపర్‌వైజర్ తవిటినాయుడి దగ్గరికి వెళ్లింది.

"అది మా అప్ప బాబూ. సంచి కాదు."

తవిటినాయుడు కంప్యూటర్లో చూశాడు. "తొంభై ఎనిమిది శాతం సంచేనమ్మా. అనుమానముంటే కదా నీకాడికొచ్చేది?"

"నాకేటీ అనుమానం లేదు బాబూ. నా తోడబుట్టింది."

"నీకు లేకపోతే ఏటి? అనుమానం దానికి రావాల."

బుధవారం మధ్యాహ్నం సన్యాసమ్మ బజారుకెళ్లి అక్క చేతిలో గొడుగు పెట్టింది.

"ఎండా లేదు, వానా లేదు, గొడుగేటే? నలుగురూ నవ్వుతారు," అంది పైడమ్మ.

"నవ్వనీ అప్పా. సంచిని చూసి ఎవులూ నవ్వరు గదా."

గొడుగు పట్టిన సంచిని యంత్రం ఎన్నడూ చూడలేదు. నాలుగింటికి ఆ బొమ్మ సన్యాసమ్మ ముందుకొచ్చింది. సంచా, మనిషా? అడుగున సన్నక్షరాల్లో ఒక వాక్యం ఉంది. మిగతా ఇద్దరూ దాన్ని ఎప్పుడూ చదవలేదు. సన్యాసమ్మ కూడబలుక్కుంటూ చదివింది. 'శ్రమ తగ్గించడానికి, మీ జవాబు ఇలాంటి 4,112 బొమ్మలకూ వర్తిస్తుంది.' రెండోసారి కూడా చదివింది. చదివి, మనిషి అని నొక్కింది.

గురువారం తెల్లారేసరికి బజారులో నాలుగువేల పైచిలుకు కొత్త మనుషులు ఉన్నారు. బియ్యం మనుషులు, ఉప్పు మనుషులు, సిమెంటు మనుషులు. ఎవరినీ విప్పడానికి వీల్లేదు, హత్యానేరం అవుతుంది. కమిషనర్ స్వయంగా వచ్చి చూసి, రద్దీ మితిమీరిందని తేల్చాడు. లారీ ఇకమీదట మనుషుల్ని ఎత్తాలన్నాడు. అయితే కొత్తవాళ్లను చూసి ఆయన ముచ్చటపడ్డాడు. పెట్టినచోట కూర్చున్నారు, జాగా కావాలనలేదు, గొంతెత్తలేదు. అలాంటివాళ్లను ఉండనిచ్చి, నోరున్నవాళ్లను ఎక్కించమన్నాడు. "వంకాయలో!" అని కేకేసిన పక్కావిణ్ణి ముందుగా ఎక్కించారు. ఎక్కడికని ఇప్పుడూ ఎవరూ అడగలేదు.

లారీ ఇంకా ఆరు గంపల దూరంలో ఉండగా సన్యాసమ్మ పరుగున వచ్చి గొడుగు మూసేసింది. గోనె మడిచి అక్క నెత్తిన కప్పింది. పక్కనున్న బియ్యం మనిషి మూతి ఎలా కట్టి ఉందో పరీక్షగా చూసి, పురికొస అందుకుంది.

"మరీ బిగించకే," అంది పైడమ్మ. "సాయంత్రం గంజి తాగాల."

"బిగించనప్పా. నోరు ముయ్యి."

లారీ వచ్చింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. పైడమ్మ ఆనపకాయలు చీకటి పడేదాకా అలాగే ఉన్నాయి.

ఇంటికొచ్చాక సన్యాసమ్మ ముడి విప్పబోయింది. పైడమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, తల అడ్డంగా ఊపింది. సన్యాసమ్మకూ నిజమే అనిపించింది. పొద్దున్నే మళ్లీ కట్టాలి. రోజూ విప్పడం, రోజూ కట్టడం, ఎంత వృథా శ్రమ. గంజి కొంచెం పలచగా కాచి, పురికొస పక్కనుంచి పోసింది.