వరద రాని సిరోంచ

"ప్రాణహిత ఇకమీదట మాకు చెప్పకుండా పొంగదు!" అని నిశ్చల ఫౌండేషన్ డైరెక్టర్ అజయ్‌కుమార్ గారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. షామియానా నాదే. టెంట్ హౌస్ వాణ్ణి కాబట్టి చాలా దానధర్మాలు దగ్గరుండి చూశాను గాని, ఇన్ని పూలు వాడిన దానం చూడలేదు.

సంగతేమిటంటే, ఇంజనీరింగ్ కాలేజీ ప్రసన్న మేడం ఫౌండేషన్ గ్రాంటుతో ఒక యంత్రం తయారుచేసింది. దాన్ని ఏట్లో స్తంభానికి బిగిస్తే, నీళ్లు పెరగగానే ఊళ్లో సైరన్ మోగుతుంది. రైతులు ఒడ్డున ఉన్న మోటర్లను పైకి లాక్కోవచ్చు. పోయినేడు మోటరు కొట్టుకుపోతే, వడ్లమ్మిన డబ్బంతా పెట్టి కొత్తది కొన్న ముత్తక్క ముందు వరసలో కూర్చుంది.

"మేడం, నేను నాట్లల్ల ఉంటే గూడ ఇనబడ్తదా?"

"ఇనబడ్తదక్కా. నువ్వు నిమ్మళంగ ఉండు."

ప్రారంభోత్సవానికి ఏటికి పోవాలి. ఒడ్డంతా బురద. డైరెక్టర్ గారి బూట్లు తెల్లనివి. అందుకని ఆయన పెద్దమనసుతో యంత్రాన్నే వేదిక మీదికి రప్పించి రిబ్బన్ కత్తిరించారు. ఏట్లో స్తంభానికి మాత్రం ఫౌండేషన్ బోర్డు బిగించారు. దూరం నుంచి చూసి, యంత్రం అదేనని ముత్తక్క దండం పెట్టుకుంది.

"సార్, ఇగ యంత్రం బిగిస్త," అంది ప్రసన్న మేడం.

"ఎల్లుండి ట్రస్టీలు వస్తున్నారమ్మా. వాళ్లేం చూడాలి?"

ట్రస్టీల తర్వాత యూనివర్సిటీ పెద్దలు, వాళ్ల తర్వాత దాతల కుటుంబసభ్యులు. ప్రతిసారీ కొత్త రిబ్బన్, పాత షామియానా.

"సార్, గడ్చిరోలి దిక్కు వానలు దంచుతున్నయ్. జర ఇయ్యాలన్న బిగియ్యనియ్యున్రి."

"ఏట్లో పెడితే తడవదా అమ్మా?" అన్నారు డైరెక్టర్ గారు. ఆ గొంతులో కన్నతండ్రి బాధ వినిపించింది. వెంటనే గాజుపెట్టె చేయించి, యంత్రాన్ని ఆఫీసులో ఏసీ కింద పెట్టించారు. స్విచ్ మాత్రం ఆపలేదు. పరిశోధన ఆగకూడదు కదా.

వరద వచ్చింది. సైరన్ మోగలేదు కదా అని ముత్తక్క నాట్లు వేస్తూనే ఉంది. పరుగెత్తుకొచ్చి చూస్తే మోటరూ లేదు, పైపులూ లేవు.

"మిమ్ముల నమ్మితి గద మేడం!" అని ఏడ్చింది. యంత్రం ఆఫీసులోనే ఉందని చెబుదామనుకున్నాను. కాని తర్వాతి సభకూ టెంటు నాదే, నోరు మూసుకున్నాను.

ఆ సభలో డైరెక్టర్ గారు రిపోర్టు చదివారు. "మా యంత్రం వానాకాలమంతా క్షణం ఆగకుండా పనిచేసింది. ఈసారి సిరోంచకు వరదే రాలేదని డేటా తేల్చింది!"

ముత్తక్క లేచింది. "రాకుంటె నా మోటరేడికి పోయింది సారూ?"

డైరెక్టర్ గారి ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే మరో గ్రాంటు ప్రకటించారు. అంశం: 'రాని వరద వచ్చిందని రైతులు ఎందుకు నమ్ముతారు?' పరిశోధకురాలు ప్రసన్న మేడమే.

వారం తిరగకుండా ప్రశ్నలు అచ్చయి వచ్చాయి. ప్రసన్న మేడం ముత్తక్క ఇంటి అరుగు మీద కూర్చుని, మొదటి ప్రశ్న మెల్లగా చదివింది.

"అక్కా, నీకొక మోటరు ఉండెనని ఎప్పటిసంది అనుకుంటున్నవ్?"