రేడియో హీరోకు డూప్ కావలెను

ఒమాన్ తెలుగువారి చెవులను ఉద్ధరించడానికి శ్రవణ కళా పరిరక్షణ సమితి ‘ఎడారి సింహం’ అనే సాహస రేడియో నాటకాన్ని తలపెట్టిందనీ, అందులో నాయకుడిగా ప్రళయ స్టార్ చక్రతేజ గారు విమానం దిగి వస్తున్నారనీ తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. నాటకం ఫోన్లలో వినిపించేదే కనుక, ముందుగా ఆయనకు కాస్ట్యూములు కుట్టించారు.

చక్రతేజ గారు పద్ధతి గల మనిషి. సినిమాల్లో దూకడానికి డూప్ ఉన్నప్పుడు రేడియోలో మాత్రం ఎందుకు ఉండకూడదని అడిగారు. సమితి అధ్యక్షుడు గంగాప్రసాద్ ఆ ప్రశ్నలోని లోతుకు చలించిపోయి, అల్ అమెరాత్ సైట్‌లో సెంట్రింగ్ పని చేసే ఇస్తారిని బౌషర్‌లోని రికార్డింగ్ హాలుకు పిలిపించాడు. ఎత్తూ లావూ సరిపోయాయి. మైకుకు అనుమానం రాకుండా మీసం కూడా అంటించారు.

ఇస్తారి ఎగిరాడు, దూకాడు, దొంగల చేత తన్నులు తిన్నాడు. ఒంటె సమయానికి రాకపోతే ఒంటెలా కూడా అరిచాడు. అంతలో మరో చిక్కొచ్చి పడింది. చక్రతేజ గారికి డబ్బింగ్ చెప్పే మనిషికి వీసా రాలేదు. ఆయన సొంత గొంతు ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మాటలు కూడా ఇస్తారినే చెప్పమన్నారు.

“దునుకుడు నేనే, మాటలు నేనే. మరి సారు ఏం జేస్తడు?”

“నటిస్తారు” అన్నాడు గంగాప్రసాద్.

నిజంగానే నటించారు. మేకప్ వేసుకుని సోఫాలో కూర్చుని, ఇస్తారి గర్జించినప్పుడల్లా కనుబొమలు ఎగరేశారు.

ఇస్తారి కోరింది ఒక్కటే. “ఆఖర్ల నా పేరు జెప్పుండ్రి సారూ. నా పెండ్లం దేవవ్వ నన్ను మాట రాని మొద్దంటది. ఒక్కపారన్న ఇని నోరు దెరవాలె.” అధ్యక్షుడు గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు.

నాటకం ప్రసారమైంది. చివర కాస్ట్యూములు కుట్టిన యాకూబ్ పేరు చదివారు, మీసం అంటించిన కమ్రాన్ పేరు చదివారు, రాని ఒంటె పేరు కూడా చదివారు. ఇస్తారి పేరు చదివితే హీరో గారి గొంతు మీద ప్రజల నమ్మకం దెబ్బతింటుందని సమితి అత్యవసరంగా తీర్మానించింది.

“ఈ కంఠం తెలుగుజాతి ఆస్తి!” అని గంగాప్రసాద్ హాలులో గద్గదంగా ఉపన్యసించాడు. చక్రతేజ గారు వినయంగా, మౌనంగా నమస్కరించారు.

ఇస్తారికి ఒళ్లు మండిపోయింది. వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ కలిపాడు.

“ఇన్నవా?”

“ఇన్న. వాడకట్టంత ఇన్నది. అబ్బ, ఏం గొంతు! ఒళ్లు జలదరిచ్చింది” అంది దేవవ్వ.

“అది నేనేనే పిచ్చిదానా!” అని, నమ్మించడానికి అక్కడే నిలబడి గర్జన నుంచి చివరి డైలాగు దాకా అంతా చెప్పాడు. చెప్పి ఫోన్ చెవికి అదుముకున్నాడు.

“మంచిగనే జేసినవ్ గని, ఆయన గొంతుల ఉన్న పౌరుషం నీకేడికెళ్లొస్తది? ఇంక జెర నేర్సుకో” అంది దేవవ్వ జాలిగా.

రూమ్‌కు వెళ్లాక ఇస్తారి నాటకాన్ని మొదటి నుంచి శ్రద్ధగా విన్నాడు. పెళ్లాం మాటలో తప్పేమీ కనిపించలేదు. చక్రతేజ గారు నిజంగానే చాలా బాగా చేశారు.